చందా మీది, సంతకం మీది

జీతం చీటీ తీసి ముందు పెట్టుకోండి. ఎడమవైపు రావాల్సిన డబ్బు, కుడివైపు కటింగులు. బేసిక్ మీద పీఎఫ్ 12 శాతం. జీతం 21,000 లోపైతే ఈఎస్‌ఐ ముప్పావు శాతం. 15,000 దాటితే వృత్తి పన్ను 150, 20,000 దాటితే 200. ఇవి మీరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా పోతాయి, వాటి వెనక చట్టం ఉంది. వాటి కింద ఇంకో గీతలో యూనియన్ పేరు పొట్టి అక్షరాల్లో రాసి యాభయ్యో, వందో ఉంటే అక్కడ ఆగండి. ఆ గీత వెనక ఉండాల్సింది మీ సంతకం. అది మీరు ఎప్పుడు, ఏ కాగితం మీద పెట్టారో గుర్తుందా?

గుర్తు లేదంటే ఈ అధ్యాయం మీ కోసమే. ఫలక్‌నుమా దగ్గర గోదాములో పనిచేసే వాళ్లు, చాంద్రాయణగుట్ట మీదుగా కంపెనీ బస్సెక్కే వాళ్లు, ఆస్పత్రుల్లో కాంట్రాక్టు మీద ఊడ్చే, మోసే పనుల్లో ఉన్న అక్కలు, పాతబస్తీలో ఎవరిని కదిపినా ఇదే మాట వినిపిస్తుంది: "అందరికీ కటయితది, మాకూ కటయితది." పనిలో చేరిన రోజు పది కాగితాల మీద వరసగా సంతకాలు పెట్టించుకుంటారు. అందులో యూనియన్ ఫారం ఉందో లేదో చూసిన వాళ్లు తక్కువ. కొన్నిచోట్ల ఫారమే ఉండదు. లీడర్ ఒక లిస్టు ఇస్తాడు, ఆఫీసులో కుర్రాడు దాన్ని కంప్యూటర్లోకి ఎక్కిస్తాడు, ఆ నెల నుంచి డబ్బు పోతుంది.

ముందే ఒక మాట చెప్పాలి. నేను యూనియన్ల పక్షం మనిషిని. హైకోర్టు పక్కనున్న సిటీ కాలేజీలో పాఠాలు చెప్పిన మఖ్దూం మొహియుద్దీన్ ఉద్యోగం వదిలి కార్మికుల్లోకి వెళ్లి, 1940ల్లో ఈ నగరంలో యూనియన్లు కట్టిన రోజుల్లో చందా ఇవ్వడమంటే ధైర్యం చేయడమే. పని గంటలకు ఒక లెక్క, పండుగకు బోనసు, మెడకు తగిలిన దెబ్బకు పరిహారం, ఇవేవీ యజమానులు దయతలచి ఇచ్చినవి కావు. అయితే అడగకుండా కోసుకునే చందా ఆ పోరాటానికే మచ్చ. ఇష్టపడి ఇచ్చే వందమంది ఉన్న యూనియన్ మాటకు, లిస్టులో వెయ్యిమంది ఉన్న యూనియన్ మాటకన్నా బలం ఉంటుందని నా గట్టి నమ్మకం. కాబట్టి ఈ అధ్యాయంలో చెప్పే ప్రతి అడుగూ యూనియన్‌ను సరైన దారిలో పెట్టడానికి కూడా పనికొస్తుంది.

చట్టం ఏం చెబుతుందో తెలిస్తే గొంతు వణకదు. రాజ్యాంగం 19వ అధికరణం సంఘం పెట్టుకునే హక్కు ఇచ్చింది. చేరకుండా ఉండే హక్కు కూడా అందులోనే ఉందా అన్న ప్రశ్న తెలుగు నేల మీదే కోర్టుకు వెళ్లింది. ప్రాథమిక పాఠశాలల టీచర్లు ఉపాధ్యాయ సంఘంలో సభ్యులై తీరాలన్న నిబంధన అప్పట్లో ఉండేది. సీతారామాచారి కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిబంధన చెల్లదంది. సంఘంలో చేరే హక్కులోనే చేరకుండా ఉండే హక్కూ ఉందని చెప్పింది. ఆ తీర్పు 1958 నాటి ఏఐఆర్ సంపుటంలో అచ్చయింది, ఇప్పటికీ లాయర్లు ఎత్తి చూపుతారు. మదీనా నుంచి నయాపూల్ వైపు నడిచేటప్పుడు ఎడమ చేతి పక్క కనిపించే ఆ గుమ్మటాల భవనంలోకి మీరెప్పుడూ అడుగుపెట్టి ఉండకపోవచ్చు. ఆ హైకోర్టు మాట మాత్రం మీ జీతం చీటీ దాకా వస్తుంది.

రెండోది కటింగు చట్టం. 1936 నాటి వేతన చెల్లింపుల చట్టం జీతంలోంచి ఏవేవి కోయవచ్చో ఒక జాబితా ఇచ్చింది. ఆ జాబితాలో లేనిది కోయకూడదు. యూనియన్ ఫీజు 1982 సవరణతో అందులోకి వచ్చింది, అదీ రెండు షరతుల మీద. యూనియన్ రిజిస్టర్ అయి ఉండాలి. ఉద్యోగి రాతపూర్వకంగా ఒప్పుకుని ఉండాలి. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లలో వేతనాల కోడ్ కూడా ఇదే మాట నిలబెట్టింది. పాత చట్టం నెలకు 24,000 లోపు జీతగాళ్లకే వర్తించేది. కొత్త కోడ్‌లో ఆ పరిమితి లేదు, సూపర్‌వైజరు కూడా దీని కిందికి వస్తాడు. నోటితో "సరే అన్నా" అన్నది ఒప్పుకోలు కాదు. పక్కవాడు మీ బదులు పెట్టిన సంతకమూ కాదు.

ఇప్పుడు మీ దగ్గర వసూలవుతున్న డబ్బు ఏ రకమో తేల్చుకోవాలి. దారి దాన్ని బట్టే మారుతుంది, చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే.

నెలనెలా లేదా ఏడాదికోసారి కట్టేది సభ్యత్వ రుసుం. పాత ట్రేడ్ యూనియన్ల చట్టానికి 2001లో చేసిన సవరణ దీనికి కనీస మొత్తం పెట్టింది: గ్రామీణ కార్మికుడికి ఏడాదికి రూపాయి, అసంఘటిత రంగంలో 3 రూపాయలు, మిగతావాళ్లకు 12. ఏడాదికి 12 రూపాయలు, అదీ కనీసం. ఎక్కువ వసూలు చేయకూడదని అందులో లేదు, యూనియన్ నిబంధనావళి ఎంతంటే అంత. అందుకే "చట్టం ప్రకారం నెలకు వంద" అని ఎవరైనా అంటే ఆ వంద చట్టంలో లేదని, నిబంధనావళిలో ఏ పేజీలో ఉందో చూపించమని అడగాలి.

ఎలక్షన్ల ముందు వచ్చేది ఇంకో రకం. అభ్యర్థికో, పార్టీకో, ఊరేగింపుకో యూనియన్ ఖర్చు పెట్టాలంటే మామూలు నిధిని ముట్టుకోకూడదు. 1926 నాటి ఆ ట్రేడ్ యూనియన్ల చట్టమే రాజకీయ నిధి వేరుగా ఉండాలంది. అందులో వేయనివాడిని యూనియన్ ప్రయోజనాల్లోంచి తీసేయడానికి, వేరుగా చూడడానికి వీల్లేదని కూడా రాసింది. మన దగ్గర ఈ నిబంధనను లీడర్లు కార్యకర్తలకు చెప్పరు, కార్యకర్తలు సభ్యులకు చెప్పరు. మహాసభకనీ, జెండా పండుగకనీ ఒక్కసారిగా 500 కోస్తే కూడా మళ్లీ విడిగా మీ ఒప్పుకోలు కావాలి. సభ్యత్వ ఫారం మీద పెట్టిన సంతకం దానికి చాలదు.

ఇక జీతాల ఒప్పందం కుదిరాక బకాయిల్లోంచి శాతం పట్టుకోవడం. దీని గురించి కొంచెం నిదానంగా మాట్లాడుకోవాలి, రీఫండు ఆశలు ఎక్కువగా చెదిరేది ఇక్కడే. బొంబాయిలో బామర్ లారీ కంపెనీలో గుర్తింపు యూనియన్ ఒప్పందం చేసుకుంది. కార్మికులకు రావాల్సిన బకాయిల్లో 15 శాతం కంపెనీయే కోసి యూనియన్ నిధికి ఇవ్వాలని అందులో ఒక షరతు. ఆ యూనియన్‌లో లేని వాళ్ల దగ్గర కూడా. ఇంకో యూనియన్ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1984 డిసెంబర్‌లో కోర్టు ఆ షరతును నిలబెట్టింది. ఒప్పందమంటే ఇచ్చిపుచ్చుకోవడం, పెరిగిన జీతం తీసుకుంటూ ఆ ఒక్క షరతు వద్దనడం కుదరదన్నది దాని సారాంశం. నాకు ఈ తీర్పు పూర్తిగా రుచించదు. సభ్యుడు కానివాడి చేతిలోంచి డబ్బు తీసుకోవాలంటే వాడిని అడగాలన్నది నా మాట. అయినా మీరు ఆఫీసుకు వెళ్లేది ఈ తీర్పు ఉందని తెలిసి వెళ్లాలి.

అందుకని ఒప్పందం నకలు చేతికి రాకుండా మాట్లాడకండి. వచ్చాక చివరి పేజీ చూడండి. కార్మిక శాఖ అధికారి సమక్షంలో, రాజీ ప్రక్రియలో కుదిరిన ఒప్పందమైతే ఆ సంస్థలో అందరికీ, రేపు చేరబోయే వాళ్లకు కూడా వర్తిస్తుంది. యజమానీ యూనియనూ బయట కూర్చుని రాసుకున్నదైతే సంతకం చేసిన పక్షాలకే వర్తిస్తుంది. 1947 పారిశ్రామిక వివాదాల చట్టం నుంచి వస్తున్న తేడా ఇది. రెండో రకం ఒప్పందంలోంచి సభ్యుడు కాని మీ డబ్బు పోయి ఉంటే, మీ చేతిలో గట్టి వాదన ఉన్నట్టే.

కాగితాలు కూడబెట్టడంతో పని మొదలవుతుంది. కటింగు మొదలైన నెల నుంచి జీతం చీటీలు, అవి లేకపోతే బ్యాంకు పాస్‌బుక్. ఆఫీసుకు ఒక చిన్న అర్జీ: "నా జీతంలో యూనియన్ చందా కోయడానికి నేనిచ్చిన అంగీకార పత్రం నకలు ఇప్పించగలరు." దీన్ని గొడవగా అడగొద్దు. ఈ అర్జీకి సూటిగా జవాబు లేదంటే సగం కేసు గెలిచినట్టే. నకలు చూపిస్తే సంతకం మీదో కాదో, తేదీ మీరు చేరిన తర్వాతదేనా, ఎంత మొత్తం కోయమని ఉందో చూడండి. 30 రూపాయలకు ఒప్పుకున్న కాగితం మీద 100 కోస్తున్నారంటే తేడా 70 అక్రమ కటింగే. కొన్ని ఫారాల్లో వెనక్కి తీసుకోవాలంటే ఇన్ని రోజుల ముందు చెప్పాలని సన్నటి అక్షరాల్లో ఉంటుంది, దాన్నీ చదవాలి. ఇంగ్లీషు రాకపోతే ఇంట్లో చదువుకునే పిల్ల చేత చదివించుకోండి. అర్జీ తెలుగులో రాయొచ్చు, ఉర్దూలో రాయొచ్చు. 2017 నుంచి తెలంగాణ అంతటా ఉర్దూ రెండో అధికార భాష. కార్మిక శాఖ ఆఫీసులో ఉర్దూ అర్జీని తోసిపుచ్చడానికి వీల్లేదు.

తర్వాత లీడర్‌తో మాట్లాడాలి, ఉత్తరం కన్నా ముందే. ఇది మర్యాద మాత్రమే కాదు, సగం తగాదాలు ఇక్కడే తెగిపోతాయి. పదిమందిలో నిలదీస్తే లీడర్ పరువు కోసం బిగుసుకుంటాడు. డ్యూటీ దిగాక, చాయ్ దగ్గర, ఒక్కణ్నే పట్టుకోండి. మాట ఇలా సాగుతుంది:

"అన్నా, యూనియన్ మీద నాకు కోపం లేదు. నా కటింగుకు కాగితం ఎక్కడుందో చూపిస్తవా?"

"ఇన్నేండ్లు అడగలే, ఇప్పుడేమొచ్చింది తమ్మీ? అందరూ కడుతలేరా?"

"అందరి సంగతి నాకు తెల్వదన్నా. నేను సంతకం పెట్టినట్టు యాదికి లేదు. పెట్టుంటే చూపెట్టు, ఈడనే మాట ఆగుతది."

"మొన్న ఇంక్రిమెంటు ఎవరు తెచ్చిండ్రు? నీకు రాలేదా?"

ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఇది న్యాయమైన ప్రశ్న కూడా. యూనియన్ తెచ్చిన పెంపు చందా కట్టనివాడి జేబులోనూ పడుతుంది, కాబట్టి తప్పించుకోవద్దు. "తెచ్చింది మీరే అన్నా, కాదన్న. రసీదు ఇయ్యి, ఏడాది లెక్క బోర్డు మీద పెట్టు, నేనే చేత్తో కడత. జీతంలకెళ్లి అడగకుండ కోసుడు బంద్ చెయ్యమంటున్న." ఇంతకు మించి ఒక్క మాట పెంచొద్దు. తిరిగి రావాల్సిన డబ్బు సంగతి కూడా ఆ రోజే తేలిగ్గా చెప్పండి, దాచి తర్వాత బాంబులా పేల్చకండి.

లెక్క చూపించమన్నది కూడా మీరు అడుక్కునే సాయం కాదు. చట్టం ప్రకారం యూనియన్ ఖాతా పుస్తకాలు, సభ్యుల జాబితా సభ్యుడు చూడడానికి తెరిచి ఉండాలి. నిబంధనావళిలో రాసిన వేళల్లో వెళ్లి చూడొచ్చు. ఏటా ఆడిట్ చేసిన లెక్కలు యూనియన్ రిజిస్ట్రార్‌కు పంపాలి. యూనియన్ ఆఫీసులో పుస్తకం దొరక్కపోతే, కార్మిక శాఖకు 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు అర్జీ పెట్టి ఆ రిటర్నుల నకలు అడగొచ్చు. అందులో సభ్యుల సంఖ్య చూడండి. మీ కంపెనీలో కటింగు పడుతున్న వాళ్లకన్నా అక్కడ సంఖ్య తక్కువుంటే, మిగతా డబ్బు ఏ పుస్తకంలోకి వెళ్లిందన్న ప్రశ్న మీ ఒక్కరిది కాదు, పనివాళ్లందరిదీ.

మాటతో తెగకపోతే ఉత్తరం. ఇది యజమానికి రాయాలి, యూనియన్‌కు నకలు. కోస్తున్నది యజమాని చెయ్యి, చట్టం ముందు జవాబుదారీ అతనే. చాలామంది యూనియన్‌కే రాసి నెలల తరబడి ఎదురుచూస్తారు. ఇలా రాస్తే చాలు:

"అయ్యా, నేను మీ సంస్థలో ఫలానా విభాగంలో, ఫలానా నంబరు ఉద్యోగిని. నా జీతం నుంచి ఫలానా నెల మొదలు నెలకు ఇన్ని రూపాయలు యూనియన్ చందా కింద తగ్గిస్తున్నారు. దీనికి నేను రాతపూర్వక అంగీకారం ఇవ్వలేదు. ఇచ్చినట్టు మీ వద్ద పత్రం ఉంటే నకలు ఇవ్వగలరు. అటువంటి అంగీకారం ఏదైనా ఉన్నా ఈ ఉత్తరంతో వెనక్కి తీసుకుంటున్నాను. వచ్చే జీతం నుంచి ఈ తగ్గింపు ఆపి, ఇంతవరకు తగ్గించిన మొత్తం ఇన్ని రూపాయలు నా ఖాతాలో జమ చేయగలరు."

తేదీ, సంతకం. యూనియన్‌ను తిట్టే మాట ఒక్కటీ వద్దు, లీడర్ పేరు వద్దు. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద 'అందింది' అని ముద్ర, తేదీ వేయించుకోండి. తీసుకోకపోతే పోస్టులో పంపండి. రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి, కౌంటర్లో స్పీడ్ పోస్టుకే రిజిస్ట్రేషన్, అందినట్టు రుజువు కావాలని అడిగి తీసుకోవాలి. ఆ చీటీని జీతం చీటీలతో కలిపి ఒక కవర్లో పెట్టుకోండి.

కటింగు ఆపడం వేరు, యూనియన్‌కు రాజీనామా వేరు. పై ఉత్తరంతో మీ సభ్యత్వం పోదు. చేత్తో కట్టి రసీదు తీసుకుంటూ సభ్యుడిగానే ఉండొచ్చు. నా సలహా కూడా అదే, కనీసం వచ్చే ఎన్నిక దాకా. లోపలుంటేనే లెక్కల పుస్తకం అడిగే హక్కు, ఓటు వేసే హక్కు ఉంటాయి.

నెల గడిచినా జవాబు లేకపోతే కార్మిక శాఖ. కమిషనర్ కార్యాలయం ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర టి. అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌లో ఉంది. ఒకప్పుడు ఆల్విన్ కంపెనీలో కార్మికుడిగా చేసి, ముఖ్యమంత్రి దాకా వెళ్లిన మనిషి పేరది. మీ పని చోటు ఏ సర్కిల్ కిందికి వస్తుందో అక్కడ చెబుతారు, అర్జీ ఆ అధికారి దగ్గర వేయాలి. అక్రమ కటింగు తిరిగి ఇప్పించే అధికారం వేతన అథారిటీగా పనిచేసే ఆ అధికారికి ఉంది. కోసిన మొత్తంతో పాటు దానికి పదింతల దాకా పరిహారం వేయొచ్చు. నెలకు 100 చొప్పున 14 నెలలు పోతే 1,400 రావాలి, పరిహారం 14,000 మించకూడదు. పదింతలు అన్నది పైహద్దు, ఎంత వేయాలన్నది అధికారి ఇష్టం. ఆ పదింతలు ఆశ పెట్టుకుని అప్పు చేయకండి.

గడువు దగ్గర మాత్రం ఏమరుపాటు పనికిరాదు. పాత చట్టంలో కటింగు జరిగిన నాటి నుంచి 12 నెలల్లోపు అర్జీ వేయాలి. కొత్త వేతనాల కోడ్ దీన్ని మూడేళ్లకు పెంచింది. మూడేళ్లున్నాయి కదా అని కూర్చోవద్దు. కోడ్ రాకముందు నెలల కటింగుకు పాత గడువే వర్తిస్తుందని ఎదుటి లాయరు వాదిస్తాడు. ప్రతి నెల కటింగూ ఒక కొత్త తప్పే కాబట్టి ఎంత పాత నెలలు వదిలేస్తే అంత డబ్బు వదిలేసినట్టు. లాయరు ఖర్చుకు భయపడే వాళ్లు పురానీ హవేలీలో సిటీ సివిల్ కోర్టు ఆవరణలో ఉన్న న్యాయ సేవా సదన్‌కు వెళ్లండి. 1987 న్యాయ సేవల చట్టం ఉచిత న్యాయ సహాయానికి అర్హుల జాబితాలో పారిశ్రామిక కార్మికుడినీ, మహిళలనూ, ఎస్సీ ఎస్టీలనూ చేర్చింది. ఆ సదన్ చార్మినార్ నుంచి నడిచి వెళ్లేంత దూరమే.

ఎంతవరకు వెనక్కి వస్తుందన్న దాని మీద అమెరికా నుంచి ఒక సంగతి చెప్పాలి. అక్కడ ఉద్యోగాల్లో ఉన్న మన పిల్లలు ఫోన్లో "ఇక్కడ యూనియన్ ఫీజు సుప్రీంకోర్టు కొట్టేసింది" అని చెబుతుంటారు. నిజమే. ఇల్లినాయ్ రాష్ట్ర ఉద్యోగి మార్క్ జానస్‌కు, యూనియన్ సభ్యుడు కాకపోయినా, నెలకు దాదాపు 45 డాలర్లు జీతంలోంచి పోయేవి. 1977 నుంచి అక్కడ కోర్టే దాన్ని సరే అంటూ వచ్చింది. 2018 జూన్ 27న 5-4 తేడాతో సుప్రీంకోర్టు ఆ పాత తీర్పును పక్కనపెట్టి, ప్రభుత్వ ఉద్యోగి ఒప్పుకోకుండా ఫీజు కోయకూడదంది. చాలామంది అక్కడితో కథ ఆపేస్తారు. జానస్ పాత డబ్బు తిరిగివ్వమని మళ్లీ కోర్టుకెళ్లాడు. అప్పటి చట్టం ప్రకారం యూనియన్ సద్బుద్ధితో తీసుకుంది, తిరిగి ఇవ్వక్కర్లేదని 2019లో అప్పీలు కోర్టు చెప్పింది. 2021 జనవరిలో సుప్రీంకోర్టు ఆ కేసును విననే లేదు. గెలిచినవాడికి కూడా పాత డబ్బు రాలేదు. మన దగ్గర పరిస్థితి ఈ ఒక్క విషయంలో మెరుగు. ఒప్పంద షరతుల సంగతి పక్కనపెడితే, సంతకం లేని చందా కటింగు ఇక్కడ ఏ రోజూ చట్టబద్ధం కాదు, కాబట్టి సద్బుద్ధి వాదన నిలవడం కష్టం.

జీతమే లేని పనులున్న వాళ్ల సంగతి వేరు. మీర్ ఆలం మండిలో మూటలు మోసే హమాలీకీ, చార్మినార్ చుట్టూ తిరిగే ఆటో అన్నకూ జీతం చీటీ ఉండదు, కటింగు కాలమ్ ఉండదు. స్టాండులో నిలబడాలంటే ఎంట్రీ, మండీలో బిల్ల కావాలంటే వేలు, రోజువారీ పదీ ఇరవై. ఇక్కడ వేతన అథారిటీ పనికిరాదు. మొదట అడగాల్సింది రిజిస్ట్రేషన్ నంబరు, రసీదు. రిజిస్టర్ అయిన యూనియన్ అయితే లెక్కల హక్కు, రిజిస్ట్రార్‌కు ఫిర్యాదు, డబ్బు కోసం లోక్ అదాలత్ లేదా సివిల్ కోర్టు. రిజిస్టర్ కాని యూనియన్ దగ్గర ఆ లెక్కల హక్కు చెల్లదు. 'కట్టకపోతే బండి పెట్టనియ్యం, కాళ్లు విరుగుతయి' అని బెదిరించి తీసుకోవడం భారతీయ న్యాయ సంహితలో 308వ సెక్షన్ కింద బలవంతపు వసూలు, పోలీస్ స్టేషన్‌లో ఇవ్వాల్సిన ఫిర్యాదు. అయితే ఒక్కరే వెళ్లొద్దు. రోజంతా అదే అడ్డా మీద బతకాల్సిన మనిషి ఒంటరిగా ఫిర్యాదిస్తే మర్నాడు మూట దొరకదు. ఐదారుగురు కలిసి, ఒకే కాగితం మీద సంతకాలు చేసి, అదే రోజు కార్మిక శాఖకూ ఒక నకలు ఇచ్చి రండి. ఆ ఐదారుగురు రేపు ఒక నిజమైన యూనియన్‌కు మొదలు కూడా కావచ్చు. ఏడుగురుంటే రిజిస్ట్రేషన్‌కు అర్జీ వేయొచ్చు, మిగతా షరతులు కార్మిక శాఖలో చెబుతారు.

ఒత్తిడి రెండు వైపుల నుంచీ వస్తుంది. యూనియన్ నుంచి వచ్చేది కనిపిస్తుంది: పలకరింపు మానేస్తారు, కష్టమైన డ్యూటీ వేయిస్తారు. చేరమని గానీ, మానమని గానీ కార్మికుడిని బలవంతపెట్టడం అన్యాయ కార్మిక పద్ధతి అని చట్టం పేరుపెట్టి చెప్పింది, యజమానికీ యూనియన్‌కూ రెంటికీ. యజమాని నుంచి వచ్చేది మాత్రం తీయగా ఉంటుంది. మీ ఉత్తరం అందిన వారానికి మేనేజరు పిలిచి కుర్చీ వేస్తాడు, చాయ్ తెప్పిస్తాడు, అచ్చు వేసిన రాజీనామా ఫారాలు ఓ కట్ట చేతిలో పెట్టి "మీ వాళ్లందరి చేత పెట్టించు" అంటాడు. ఆ కట్ట ముట్టుకోవద్దు. మీ నూరు రూపాయల తగాదా అతనికి యూనియన్‌నే లేకుండా చేసే అవకాశం. 2019లో అక్టోబర్ 5 నుంచి ఆర్టీసీ సమ్మె 52 రోజులు నడిచాక ఏం జరిగిందో ఫలక్‌నుమా, ఫారూఖ్‌నగర్ డిపోల్లో పనిచేసిన వాళ్లను అడగండి. యూనియన్లను పక్కనపెట్టి డిపోకు ఇద్దరు చొప్పున వెల్ఫేర్ కౌన్సిల్ పెట్టారు. కార్మికుడు ఓటు వేసి తెచ్చుకున్న మార్పు కాదది. యూనియన్ తప్పును సరిచేసే చెయ్యి సభ్యుడిదే అయి ఉండాలి. "సార్, నా కటింగు సంగతి నాది. యూనియన్ల ఉండుడు, పోవుడు మేం మేం చూసుకుంటం" అని లేచి రండి.

చివరికి డబ్బు వచ్చే రోజు. అథారిటీ ఉత్తర్వుతో గానీ, అంతకు ముందే రాజీతో గానీ ఆఫీసుకు పిలుస్తారు. చెక్కు ఇచ్చే ముందు ఒక కాగితం మీద సంతకం అడుగుతారు. అందులో 'నాకు సంస్థ నుంచి ఇక ఎటువంటి బాకీ లేదు' అని ఉంటే ఆగండి. అది యూనియన్ చందాకే కాదు, మీ ఓటీకి, బోనసుకు, గ్రాట్యుటీకి కూడా తాళం వేసే వాక్యం. దాన్ని కొట్టేయించి, 'ఫలానా నెల నుంచి ఫలానా నెల వరకు యూనియన్ చందా కింద తగ్గించిన ఇన్ని రూపాయలు ముట్టాయి' అని మాత్రమే రాయించండి. మార్చిన చోట రెండు పక్షాల పొట్టి సంతకాలు ఉండాలి. ఒక నకలు మీ కవర్లోకి. తర్వాతి నెల ఒకటో తారీఖు జీతం చీటీ వచ్చినప్పుడు కుడివైపు కాలమ్ మళ్లీ చూడండి, అదే గీత వేరే పేరుతో తిరిగి వచ్చిందేమో.